చదరంగపు గడులలోని మహాసంఖ్య



చదరంగపు పలకను మీరందఱు నెఱుగుదురు. అడ్డముగ నెనిమిది, నిలువుగ నెనిమిది, మొత్తము అఱువదినాలుగు గడులు దానియందు గలవు. ఈ పలకనుగూర్చి యొక పాత కథ కలదు. ఒక బుద్ధిమంతుడు ఈ యాటను కనిపెట్టి రాజునకు సమర్పించెనట. రాజు మెచ్చి, "నీకేమి కావలయునో కోరుకొను" మనెను. అందుకతడు, "మహాప్రభూ, మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఈ విధముగ గడిగడికి రెట్టింపు చేయుచు అఱువదినాలుగు గడులకును ధాన్యమిప్పింపుడు, అంతకంటె నాకేమియు వలదు" అనెను. రాజు నవ్వెను. కొట్లు తెఱపించి కొలిపింప నారంభించిన పిదప ఆ నవ్వు నిలువలేదు. ఇది నిజముగ జరిగిన సంగతి యని చెప్పుట కాధారము లేదు. పదుమూడవ శతాబ్దమున ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు గ్రంథకర్త ఈ కథను వ్రాసియుంచెను. కథ యెట్లున్నను సంఖ్య మాత్రము నిజము. అది యిది:

18446744073709551615

ఇరువది యంకెలుగల యీ సంఖ్యను మన లెక్కచొప్పున చదువవలయునన్న, లక్ష యెనుబదినాలుగు వేల నాలుగువందల అఱువదియేడు కోట్ల కోట్లు, దానిపై నలుబదినాలుగు లక్షల ఏడు వేల మూడువందల డెబ్బది కోట్లు, దానిపై తొంబదియైదు లక్షల ఏబదియొక వేయి ఆఱువందల పదునైదు. నోటితో చదివినంతమాత్రమున దీని పరిమాణము మనస్సున కెక్కదు. నలుబదివేల బియ్యపు గింజలు ఒక కిలోగ్రాము తూగు ననుకొందము. అప్పుడు పలకలో మొదటి సగము, అనగా ముప్పదిరెండు గడులు, నిండుటకు నూటయేడు టన్నుల బియ్యము చాలును. ఏ రాజైనను దాని నీయగలడు. కాని పలకయంతయు నిండవలయునన్న నలుబదియాఱువేల కోట్ల టన్నులు కావలయును. నేడు ప్రపంచమంతటను ఏటేట పండు బియ్యము ఏబది కోట్ల టన్నులకు కొంచెము పైగా నుండును. ఆ లెక్కను సుమారు తొమ్మిదివందల సంవత్సరముల పంట యంతయు ఈ యొక్క పలకకు సరిపోవును. ఒక మనుష్యుడు రాత్రింబవళ్లు విడువక సెకండునకొక గింజ చొప్పున లెక్కించిన, ఏబదియెనిమిదివేల కోట్ల సంవత్సరములకు పైగా పట్టును.

ఇంత పెద్ద మొత్తమును రాబట్టుటకు అఱువదినాలుగు సంఖ్యలను వరుసగ వ్రాసి కూడ నక్కఱలేదు. పలకకు వెలుపల ఒక గింజను అదనముగ నుంచుకొనుడు. దానిని మొదటి గడిలోని గింజతో కలిపిన రెండగును. రెండవ గడిలోనివి రెండు, కలిపిన నాలుగు. మూడవ గడిలోనివి నాలుగు, కలిపిన నెనిమిది. చేతిలోనున్న మొత్తము ఎల్లప్పుడును తరువాతి గడిలోని గింజలకు సమానమై, కలిపినప్పుడెల్ల రెట్టింపగుచుండును. చివరి గడి ముగియునప్పటికి రెంటి యఱువదినాలుగవ ఘాతము లభించును. అదనపు గింజను తీసివేసిన మన సంఖ్య మిగులును.

ఘాతమును కనుగొనుటకును సులభోపాయము కలదు. 2 యొక్క వర్గము 4. దాని వర్గము 16. దాని వర్గము 256. దాని వర్గము 65536. దాని వర్గము 4294967296. దాని వర్గము 18446744073709551616. ఆఱు గుణకారములతో పని ముగిసినది. 1000వ సంవత్సర ప్రాంతమున అల్బిరూని యను పండితుడు ఈ వర్గముల మార్గముననే యీ సంఖ్యను సాధించి తన గ్రంథమునందు వ్రాసెను.

మన తెలుగువారికిని దీనితో పూర్వపరిచయము కలదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమువాడని పలువురు తలంతురు. చదరంగపు గడుల మొత్తమును చెప్పు పద్య మొకటి ఆయన పేర ప్రసిద్ధమై యున్నది. అందులో అంకెలు అంకెలుగా లేవు. పూర్వులు చంద్రుడనిన ఒకటిగను, వేదములనిన నాలుగుగను, మన్మథుని శరములనిన అయిదుగను, ఆకాశమనిన సున్నగను గ్రహించెడివారు. అట్టి పదములను ఒకట్ల స్థానమునుండి మొదలిడి కుడినుండి యెడమకు కూర్చుట సంప్రదాయము. ఆ పద్యములోని పదములను ఈ రీతిని విప్పిన, ఇరువది యంకెలును ఒక్కటియు తప్పక మన సంఖ్యయే వచ్చును. వట్టి యంకెలను వ్రాయునపుడు రెండంకెలు తారుమాఱైనను లేఖకుడు గమనింపడు. పద్యమున రెండు పదములు తారుమాఱైన తఱచుగ ఛందస్సు చెడి, చెవి వెంటనే పట్టుకొనును. పెద్ద సంఖ్యను భద్రపఱచుటకు మన పెద్దలు పద్యము నాశ్రయించుట వేడుకకు మాత్రమే కాదు.

మనకు ఛందస్సునకు బదులుగ వేఱు పరీక్షలున్నవి. ఈ సంఖ్యలోని అంకెలన్నిటిని కూడిన 87 వచ్చును. 87 మూటిచేత భాగింపబడును, తొమ్మిదిచేత భాగింపబడదు. కావున సంఖ్యయు నట్లే. కాని మీలో నొకరు దీనిని ఎత్తి వ్రాసికొనునపుడు నడుమనున్న 09ని 90గా వ్రాసినారనుకొనుడు. అంకెల మొత్తము అప్పుడును 87యే. ఈ పరీక్షకు తప్పు దొరకదు. పదునొకటి పరీక్ష దానిని పట్టును. కుడినుండి బేసి స్థానములలోని యంకెల మొత్తము 62, సరి స్థానములలోనివి 25, భేదము 37, దానిని 11చే భాగించిన శేషము 4. ఇదియే రావలయునని మఱియొక త్రోవనుగూడ తెలియును. 2 యొక్క పదవ ఘాతము 1024. అది 11 యొక్క తొంబదిమూడు రెట్లపై ఒకటి. కనుక అఱువదవ ఘాతమును శేషము ఒకటినే యిచ్చును. మిగిలిన నాలుగవ ఘాతము 16, శేషము 5. అందుండి ఒకటి తీసివేసిన 4. అంకెలు తారుమాఱైన ప్రతిలో మొత్తములు 53, 34 అగును; భేదము 19; శేషము 8. తప్పు బయటపడినది. ఏ తప్పునకు ఏ పరీక్ష చాలునో తెలిసికొనుట గణితమున ముఖ్యమైన విద్య.

ఇక నీ సంఖ్య యొక్క కారణాంకములను చూతము. ఇది యొక వర్గమునకు ఒకటి తక్కువ. వర్గమునుండి ఒకటి తీసివేసిన, ఆ మూలమునకు ఒకటి తక్కువైన సంఖ్యయు, ఒకటి యెక్కువైన సంఖ్యయు గుణించిన ఫలమగునని మీరు బీజగణితమున నేర్చియున్నారు. కావున మన సంఖ్య 4294967295 × 4294967297. ఇందు మొదటిది మరల 65535 × 65537. అందు మొదటిది 255 × 257. 255 మరల 15 × 17. 15 మరల 3 × 5. ఈ విధముగ మెట్లు దిగినకొలది 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆఱు కారణాంకములు లభించినవి. ఇవి యన్నియు ఒక్క తీరున పుట్టినవే: 2 మొదలుకొని వర్గములు చేయుచు, ఒక్కొక్కదానికి ఒకటి చేర్చిన వచ్చునవి.

ఇక్కడ నా తరగతిలో జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతివారికి ఈ యాఱు సంఖ్యలను నల్లబల్లపై వ్రాసి, మొదటి యైదును ప్రధాన సంఖ్యలని, అనగా ఒకటియు తామును దప్ప వేఱు కారణాంకములు లేనివని, చెప్పితిని. ఒక బాలిక లేచి, "మాస్టరుగారూ, మఱి ఆఱవదియో?" అని యడిగెను. గంట కొట్టు వేళ యయ్యెను. "అయిదును సరిపోయినవి గదా అమ్మాయీ, ఆఱవదానికి మాత్రమేమి?" అని నేను పుస్తకము మూసితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో దీనినిగూర్చి నేను చదివియుంటిని. ఆ క్షణమున జ్ఞప్తికి రాలేదు. జ్ఞప్తికి రాలేదని యొప్పుకొనుటకు బదులు ఊహించి చెప్పితిని. పిల్లలందఱు నా మాటను నోటుపుస్తకములలో వ్రాసికొనిరి.

ఆ బాలిక మాత్రము ఊరకుండలేదు. యంత్రసహాయ మేమియు లేక, 7 మొదలుకొని ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో ఆ పదియంకెల సంఖ్యను భాగించుచు పోయినది. పండ్రెండవనాడు నా బల్లయొద్దకు వచ్చి నిలిచి, పుస్తకము చూపి, "మాస్టరుగారూ, 641 దగ్గఱ శేషము మిగులుట లేదు. నేనెక్కడనో తప్పు చేసియుందును" అనెను. నేను సరిచూచితిని. 641 × 6700417 = 4294967297. ఆమె చేసిన లెక్కలో తప్పు లేదు. 7 నుండి 641 వఱకు గల ప్రధాన సంఖ్యలు నూటపదుమూడు. అన్ని భాగహారములు సరిగా చేసిన పిల్ల, తన చేతి లెక్కకంటె నా నోటిమాటను ఎక్కువగ నమ్మి, తనయందే తప్పు వెదకుకొనుచుండెను. అది నాకు మిక్కిలి సిగ్గు కలిగించెను. మఱునాడు తరగతిలో, "నేను చెప్పినది తప్పు" అని నల్లబల్లపై వ్రాసి, ఆ భాగహారమును ఆమెచేతనే అందఱియెదుట చేయించితిని. నోటుపుస్తకములలోని వాక్యమును అందఱును కొట్టివేసిరి.

నేను పడిన గోతిలో నాకంటె ఎంతయో గొప్పవాడు పూర్వము పడియుండెను. ఫ్రాన్సు దేశమున న్యాయస్థానోద్యోగిగ నుండి, తీఱిక వేళలలో గణితమును సాధించిన ఫెర్మా, 1640లో వ్రాసిన లేఖలో, ఈ తీరున పుట్టు సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలేయని తన నమ్మకమును తెలిపెను. ఉపపత్తి మాత్రము తనకు దొరకలేదని యాయన దాచలేదు. 1729లో గోల్డుబాకు ఈ విషయమును ఆయిలరు దృష్టికి తెచ్చెను. సెంటు పీటర్సుబర్గులో నుండిన ఆయిలరు, 1732లో, ఇరువదియైదేండ్ల వయస్సున, ఆఱవ సంఖ్యను 641 భాగించునని ప్రకటించెను. తొంబది రెండేండ్ల నమ్మకము ఒక్క భాగహారముతో తీఱిపోయెను.

ఆయిలరు తరువాత ప్రకటించిన నియమ మొకటి యున్నది. ఈ యాఱవ సంఖ్యకు ప్రధాన కారణాంకమేదైన నున్నచో అది 64 యొక్క ఏదో యొక రెట్టునకు ఒకటి చేర్చిన సంఖ్యయే కావలయును. దాని యుపపత్తిని పై తరగతులలో నేర్తురు. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగ 193, 257, 449, 577, 641. అనగా అయిదవ భాగహారమునకే ఫలము దొరకును. మా బాలిక నూటపదుమూడు భాగహారములతో చేరిన చోటికి, నియమ మెఱిగినవాడు అయిదింటితో చేరును. ఆమె శ్రమ వ్యర్థమని నేననను. శ్రమపడినవారికే నియమము విలువ తెలియును.

641 భాగించునని, పెద్ద భాగహారము చేయకయే చూపవచ్చును. 640 అనగా 5ను 2 యొక్క ఏడవ ఘాతముచే గుణించినది. మఱియు 641 అనగా 625, 16ల మొత్తము. అనగా 5 యొక్క నాలుగవ ఘాతమును, 2 యొక్క నాలుగవ ఘాతమును కలిపినది. ఇప్పుడు 640 యొక్క నాలుగవ ఘాతమును తీసికొనుడు. అది 625ను 2 యొక్క ఇరువదియెనిమిదవ ఘాతముచే గుణించిన ఫలము. 625కు బదులుగ 641లో 16 తక్కువ అని వ్రాసిన, ఆ ఫలము 641 యొక్క ఒక రెట్టునుండి 2 యొక్క ముప్పదిరెండవ ఘాతమును తీసివేసినదగును. దీనినుండి ఇంకొక ఒకటి తీసివేసిన, 641 యొక్క రెట్టునుండి మన యాఱవ సంఖ్యను తీసివేసినట్లగును. కాని 640 యొక్క నాలుగవ ఘాతమునుండి ఒకటి తీసివేసిన సంఖ్యకు 639, 641 రెండును కారణాంకములే. ఎడమప్రక్క 641చే భాగింపబడుచున్నది గనుక, కుడిప్రక్కనున్న ఆఱవ సంఖ్యయు భాగింపబడవలయును. ఇంతే ఉపపత్తి. కాగితముపై నెమ్మదిగ వ్రాసి చూచుకొనుడు.

6700417 ప్రధాన సంఖ్యయే. కావున చదరంగపు మహాసంఖ్య పూర్తిగ విడిపోయినపుడు ఇట్లుండును:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన కారణాంకములు. ఒక్కటియు రెండుమారులు రాలేదు. ఒక్కొక్కదానిని తీసికొనవచ్చును, విడువవచ్చును గనుక, మహాసంఖ్యను నిశ్శేషముగ భాగించు సంఖ్యలు మొత్తము 128. ఇది రెంటి యేడవ ఘాతము. రెట్టింపుతో పుట్టిన సంఖ్యలో రెట్టింపే మరల కనబడినది.

రేఖాగణితమునకును దీనితో సంబంధము కలదు. 1796లో గౌస్ అను జర్మను యువకుడు, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, పదునేడు సమభుజములుగల క్షేత్రమును రూళ్లకఱ్ఱతోను వృత్తలేఖినితోను గీయవచ్చునని కనుగొనెను. 3, 5, 17, 257, 65537 అను నీ యైదు ప్రధాన సంఖ్యలే అట్టి నిర్మాణములకు మూలములు. వీనిలో కొన్నిటినిగాని అన్నిటినిగాని ఒక్కొక్క మారు చొప్పున గుణించిన, బేసి సంఖ్యగల భుజములతో గీయదగు క్షేత్రములు ముప్పదియొకటి లభించును. అన్నిటిని గుణించిన 4294967295. అది పలకలో మొదటి సగమునందలి గింజల సంఖ్య. ఆఱవ ప్రధాన సంఖ్య ఈ తీరున నేటివఱకు దొరకలేదు. ఆఱవదియు, దాని తరువాత వరుసగ నున్న మఱి యిరువదియేడును, ప్రధానములు కావని తేలినది. అందు ఏడవదియగు 18446744073709551617 మన మహాసంఖ్యకు రెండు మాత్రమే యెక్కువ. అది 274177 × 67280421310721 అని లాండ్రీ యను ఫ్రెంచి గణితజ్ఞుడు 1880లో ప్రకటించెను. క్లౌసెన్ అను నతడు 1855లోనే ఒక లేఖలో దీనిని వ్రాసియుండెనని తరువాత తెలిసినది.

ఈ మహాసంఖ్య మఱి రెండుచోట్ల కనబడును. 1883లో లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుడు మూడు కొయ్యలు, కొన్ని బిళ్లలు గల యొక యాటవస్తువును వెలువరించెను. ఒక మారునకు ఒక బిళ్లనే కదల్చుచు, చిన్నదానిపై పెద్దది పెట్టక, అన్నిటిని ఒక కొయ్యనుండి వేఱొక కొయ్యకు మార్చవలయును. అఱువదినాలుగు బిళ్లలున్నచో కనీసము ఈ మహాసంఖ్య యన్ని కదలికలు కావలయును. కాశీలోని దేవాలయమున పూజారులు బంగారు బిళ్లలను అట్లు మార్చుచున్నారను కథ ఆ యాటతోకూడ ప్రచారమైనది, అది కల్పితము. రెండవ చోటు నేటి కంప్యూటరు. అది సంఖ్యలను సున్న, ఒకటి అను రెండంకెలతోనే వ్రాయును. అఱువదినాలుగు స్థానములు గల గూటిలో అన్ని స్థానములందును ఒకటియే యున్నపుడు ఆ గూటిలో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య యిదియే. చదరంగపు గడి యొక్కొక్కటి ఒక్కొక్క స్థానము. ఆ పైన ఒకటి చేర్చిన గూటిలో పట్టక అన్నియు సున్నలగును.

విద్యార్థులారా, అయిదు మారులు సరిపోయినది ఆఱవ మారును సరిపోవునని తలచుట మనుష్య స్వభావము. ఆ తలంపు తప్పుకాదు; దానిని ఉపపత్తియని పిలుచుటయే తప్పు. ఫెర్మా తన నమ్మకమును నమ్మకమనియే చెప్పెను. నేను నా యూహను పాఠమని చెప్పితిని. అందుచేత ఆయన తప్పును క్షమించుట సులభము. ఇకమీదట మీ లెక్కకును మీ ఉపాధ్యాయుని మాటకును భేదము వచ్చినపుడు, లెక్కను మరల చేయుడు. సరిగానున్నచో పుస్తకము తీసికొని ఉపాధ్యాయునియొద్దకు రండు. తలిదండ్రులకును నా మనవి యిదియే: ఇంట పిల్లలు "అది యెందుకట్లు?" అని యడిగినపుడు తెలియనిచో తెలియదనుడు. ఆ మాట విన్న పిల్ల తానే వెదకుటకు కూర్చుండును.

ఆ బాలిక నోటుపుస్తకము ఇప్పటికిని నాయొద్ద నున్నది. 641 గల పుటలో, భాగహారము క్రింద, శేషము చోట ఒక చిన్న సున్న. దాని ప్రక్కన పెన్సిలుతో, "మాస్టరుగారిని అడుగవలయును" అని వ్రాసియున్నది.